నైరుతి మూల బరువు

నేను ఒక వైర్ షెల్ఫును. ఇనుప తీగలను అడ్డంగా, నిలువుగా పేర్చి, అవి కలిసిన చోటల్లా వెల్డింగ్ చుక్క పెట్టి, పైన తెల్ల పూత పూస్తే నేను తయారవుతాను. బట్టలు పెట్టుకోవడానికి నన్ను గోడకు బిగిస్తారు. నా మీద బట్టలు పెట్టారు. బట్టలతోపాటు ఇంకా చాలా పెట్టారు. వాటిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు వెగటు పుడుతుంది. చూసింది చూసినట్టు చెబుతాను.

నన్ను చేసిన షెడ్డు హైదరాబాదు శివారులో ఉంది. మిషను తీగలను కోసింది, అంటించింది. బట్టీలో కాల్చి పూత పొడిలో ముంచారు. చివర ఒకామె నా మీద బొటనవేలు పెట్టి ప్రతి అతుకూ తడిమింది. ఎక్కడా గరుకు తగలకపోయేసరికి పక్కన పెట్టింది. ఆ తర్వాత నన్ను అంత శ్రద్ధగా తాకిన మనిషి ఒక్కతే. ఆమె సంగతి వస్తుంది.

నాతోపాటు మరో మూడు షెల్ఫులను అట్టపెట్టెలో సర్దారు. ఏటవాలు ఊతకడ్డీలు, మరలు, గోడ కన్నంలో దిగే ప్లాస్టిక్ ప్లగ్గులు, కోసిన తీగల కొసలకు తొడిగే టోపీలు కూడా వేశారు. ఒక కాగితం పెట్టారు. అందులో రెండు గోడల బొమ్మలు ఉన్నాయి. పొడిగా ఉన్న గోడకు టిక్కు, చెమ్మ గోడకు ఇంటూ గుర్తు. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యే బొమ్మలు. నేను వెళ్లిన ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్లే.

విశాఖపట్నంలో ఒక షాపు నుంచి హైమావతి మమ్మల్ని కొన్నది. ఆమె ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తుంది. తోటి ఉద్యోగి ఇంట్లో బట్టల గది చూసి వచ్చింది. తనకూ కావాలనుకుంది. పడకగదిలో బీరువా పక్కన కాంక్రీటు గోడ ఉంది. టేపు పట్టుకుని కొలిచింది. కొలత సరిగ్గానే తీసుకుంది. ఆ ఇంట్లో నా విషయంలో సరిగ్గా జరిగిన పని అదొక్కటే.

పెట్టె ఇంకా విప్పలేదు. హాల్లో గోడకు ఆనించి ఉంచారు. అందుకే అన్నీ విన్నాను.

హైమావతి భర్త సోమినాయుడు ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాల మీద అధికారి. ప్రమోషను రావలసి ఉంది. రావడం లేదు. పైవాళ్లను అడిగాడు, యూనియనువాళ్లను అడిగాడు. చివరికి ఇద్దరూ కలిసి వాస్తు సిద్ధాంతిని పిలిచారు. ఆయన దిక్సూచి అరచేతిలో పెట్టుకుని ఇల్లంతా తిరిగాడు. వంటింటి పక్క గది ముందు ఆగాడు. అది మంచం పడితే మనిషి తిరగలేని గది. బిల్డరు ప్లానులో దాన్ని స్టోరు రూమన్నాడు. లోపల ఒక చాప, ఒక ట్రంకు పెట్టె, ఒక దండెం ఉన్నాయి.

"ఈ గదిలో ఎవరుంటున్నారమ్మా?"

"మా వదిన గారండీ. ఈయన అక్క."

సిద్ధాంతి దిక్సూచి మూసి జేబులో వేసుకున్నాడు. "ఇది నైరుతి. ఇంటి యజమాని పడుకోవలసిన చోటు. ఇక్కడ ఎవరు నడుం వాలిస్తే ఇంట్లో వాళ్ల మాటే చెల్లుతుంది. యజమాని మాట ఇంట్లో చెల్లదు, ఆఫీసులోనూ చెల్లదు."

సోమినాయుడు మెడ గోక్కున్నాడు. "మా అప్ప మాట ఈ ఇంట్లో ఎప్పుడు చెల్లిందండీ? కూరలో ఉప్పు కూడా మమ్మల్ని అడిగే వేస్తాది."

"పైకి అలాగే కనబడుతుంది నాయుడు గారూ. దోషం లోపల్నించి తినేస్తుంది."

"అయితే మేం ఆ గదిలోకి మారాలా?" అంది హైమావతి. "అందులో ఏసీ లేదండీ."

సిద్ధాంతి ఏసీ గురించి శాస్త్రంలో ఏముందో వెతుకుతున్నట్టు ఆలోచించాడు. "మారనక్కర్లేదు. బరువు పెట్టండి. పడమటి గోడకు పడాలి బరువు. ఎంత పెడితే అంత మంచిది."

హైమావతి తిరిగి మా పెట్టెవైపు చూసింది.

అప్పుడే అప్పయ్యమ్మ కాఫీ తెచ్చింది. ఆ గదిలో ఉండేది ఆమే. సోమినాయుడికంటే పెద్దది. గజపతినగరం దగ్గర పల్లెలో పెళ్లయింది, భర్త పోయాడు. ఇక్కడ హైమావతికి కూతురు పుట్టినప్పుడు, సెలవు అయిపోతోంది, పిల్లను చూసే మనిషి లేదని తమ్ముడు వెళ్లి తీసుకొచ్చాడు. పిల్లకు నీళ్లు పోసింది, అన్నం పెట్టింది, బడికి దింపింది. ఆ పిల్ల ఇప్పుడు కాకినాడలో ఇంజనీరింగు చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. అప్పయ్యమ్మ వంటింట్లో ఉంటుంది. వెన్ను వాల్చడానికి ఆ గది ఉంది. ఈ ఊళ్లో ఆమెకు ఉన్నది ఆ చోటొక్కటే.

ఆమె కప్పులు బల్లమీద పెట్టి, తమ్ముణ్ణి అడిగింది. "మరి నానెక్కడ పడుకోవాలిరా?"

సోమినాయుడు కప్పు అందుకున్నాడు. హైమావతి చెప్పింది. "హాల్లో దివాను ఉంది కదా వదినా. ఫ్యాను కింద. మీకే హాయి." హైమావతి ఆడపడుచుని ఎప్పుడూ మీరు అనే అంటుంది. ఆ ఇంట్లో గౌరవానికి లోటు లేదు.

"దివాను మీద టీవీ కాడ పడుకోమంటావా? సరేలే. ఆ సీరియల్లో కోడలు నాకన్నా ముందు నిద్రపోతే సాలు," అంది అప్పయ్యమ్మ. ఎవరూ నవ్వలేదు.

మమ్మల్ని బిగించడానికి పైడిరాజు వచ్చాడు. డ్రిల్లింగు మిషను తెచ్చాడు, రసమట్టం తేలేదు. కంటితో చూసి గోడమీద పెన్సిలు గీత పెట్టాడు. బొమ్మల కాగితం తీసి, దానిమీద టీ గ్లాసు పెట్టుకున్నాడు. మిషను ఆన్ చేసి పడమటి గోడకు ఆనించాడు. గోడ అవతల స్నానాల గది ఉంది. మిషను వెన్నలోకి దిగినట్టు దిగింది. ఎర్రటి పొడి రాలలేదు, ముద్ద రాలింది.

"గోడ సెమ్మగా ఉందండి. పట్టు నేదు," అన్నాడు. "ఆ తూర్పు గోడకెట్టుకుందారి. పొడిగా ఉంది."

"తూర్పున బరువు పెట్టకూడదు," అంది హైమావతి. "పడమర గోడకే అన్నారు సిద్ధాంతి గారు."

"గోడ పడమరైనా పట్టుండాలి కదండి."

"నీకు తెలిసిన దారేదో ఉంటుందిగా పైడిరాజూ. చెయ్యి."

ఉంది. ఇంకో ఇంట్లో పని ఒప్పుకుని వచ్చాడు, వాదించే తీరిక లేదు. ప్లగ్గు దూర్చాడు, కన్నంలో తిరుగుతోంది. అగ్గిపుల్లలు విరిచి దాని చుట్టూ కుక్కాడు. వైట్ సిమెంటు మెత్తాడు. గదికి నేను రెండంగుళాలు పొడవయ్యాను. హాక్సా పెట్టి నా కొసలు కోశాడు. టోపీలు తొడగలేదు. అవి చెత్తతోపాటు ఊడ్చేశారు. పని అయ్యాక నన్ను రెండు చేతులా పట్టుకుని వేలాడి చూపించాడు.

"ఏటీ అవదమ్మా. గుర్రం ఎక్కినా ఆగుద్ది."

అతను వేలాడినప్పుడు నా వెనక అగ్గిపుల్లలు కదిలాయి. ఆ చప్పుడు అతనికీ వినబడింది. మిషను సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అప్పయ్యమ్మ దండెం విప్పింది. ట్రంకు పెట్టె వాషింగ్ మిషను ఉన్న బాల్కనీకి పోయింది. పొద్దున్నే లేచి దివాను ఖాళీ చేయాలి, పాలవాడి నుంచి చుట్టాల దాకా కూర్చునేది దాని మీదే. చుట్టిన పక్కబట్టలు నా మీద పెట్టొచ్చా అని ఆమె హైమావతిని అడిగింది. పక్కబట్టల వాసన పట్టుచీరలకు పడుతుంది వదినా అంది హైమావతి. వాటిని వాషింగ్ మిషను వెనక పెట్టుకోమంది. అక్కడ నీటి గొట్టం కారుతుంది. ప్రతి రాత్రీ ఆమె తడిసిన దుప్పటి కప్పుకునేది.

నా మీద ఏం పెట్టారో చెబుతాను. చీరలు పెట్టారు. ఫాలు కుట్టించనివి, మడత విప్పనివి, షాపు కవరులోనే ఉన్నవి. సోమినాయుడికి పట్టని ప్యాంట్లు పెట్టారు. తగ్గుతానన్నాడు, తగ్గలేదు, ప్యాంట్లు ఎదురుచూస్తున్నాయి. కవర్లలో కవర్లు పెట్టారు. గృహప్రవేశానికి వచ్చిన బహుమతులు కాగితం కూడా చింపకుండా పెట్టారు. లోపల ఏముందో తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ లేదు, ఇంకొకరికి ఇవ్వడానికి పనికొస్తాయి. కలరా ఉండలు చల్లారు. ఆ కంపు నా పూతలోకి దిగింది. బల్లి గుడ్లు పెట్టింది. పట్టుచీరల మడతల్లో వెండి రంగు పురుగులు కాపురం పెట్టాయి. వాసన పడుతుందని ఒక మనిషి దుప్పటిని బయట పెట్టిన గది అది.

ఇంకా జాకెట్ ముక్కలు. పేరంటానికి వెళితే పసుపు కుంకుమతో ఒక ముక్క ఇస్తారు. దాన్ని ఎవరూ కుట్టించుకోరు. దాచి, తమ ఇంటికి వచ్చినవాళ్లకు ఇస్తారు. వాళ్లూ దాచి ఇంకొకరికి ఇస్తారు. వాటిని సర్దే పని అప్పయ్యమ్మది. ఆమెకు ఎవరూ ముక్క ఇవ్వరు, భర్త పోయినవాళ్లకు ఇవ్వరు. అందుకేనేమో ప్రతి ముక్కా ఆమెకు గుర్తు. ఒక ఆకుపచ్చ ముక్క మూలన పసుపు మరక ఉంది. నా మీద నుంచి వెళ్లింది, కొన్నాళ్లకు తిరిగి వచ్చింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది.

"ఒలే హైమా, ఇది మల్లీ వొచ్చీసిందే," అని నవ్వింది అప్పయ్యమ్మ. "మనకన్నా ఎక్కువ ఇల్లు తిరిగింది. ఈసారి దీనికో గ్లాసుడు మజ్జిగియ్యాలి."

స్టూలెక్కి సర్దేటప్పుడు ఆమె వేలు నా కోసిన కొసకు తగిలింది. గీసుకుంది. కొసను తడిమి చూసింది. కొవ్వొత్తి వెలిగించి మైనం చుక్కలు వేసి కొసలన్నీ మూసింది. నన్ను శ్రద్ధగా తాకిన మనిషి అన్నాను, ఆమే.

అయినా తుప్పు పట్టింది. వైజాగు గాలికి ఉప్పు ఎక్కువ, నా వెనక గోడ నిండా నీళ్లు. తుప్పు మరక ఒక పట్టుచీరకు అంటింది. తడిచేత్తో ముట్టుకున్నారా వదినా అని హైమావతి అడిగింది. అడగడం మర్యాదగానే అడిగింది.

ప్రమోషను రాలేదు. సోమినాయుడు సిద్ధాంతికి ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు. "బట్టలకేం బరువుంటుంది నాయుడు గారూ," అంది ఫోను. "లోహం పెట్టండి. ఇత్తడి, కంచు."

ఇంట్లో ఉన్నవన్నీ స్టీలు, ప్లాస్టిక్కు. ఇత్తడి ఒక్కచోటే ఉంది. అప్పయ్యమ్మ ట్రంకు పెట్టెలో ఉంది. పుట్టింటివాళ్లు పెళ్లికి ఇచ్చిన బిందె, కాగు, కంచు గిన్నెలు. ఇంట్లో చోటు లేదని బాల్కనీలోకి నెట్టిన పెట్టెను సోమినాయుడు, వాచ్‌మను కలిసి మోసుకొచ్చి, స్టూలెక్కి, అన్నింటికన్నా పైన ఉన్న నా మీద పెట్టారు. నా తీగలు వంగాయి. అప్పయ్యమ్మ కట్టుకునే చీరలు కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయి.

"నా కోక కావాలంటే నిచ్చెనెయ్యాలేట్రా?" అంది.

"నేను తీసిస్తాను కదప్పా," అన్నాడు సోమినాయుడు. రెండు రోజులు తీసిచ్చాడు. తర్వాత ఆమె ఉన్న చీరనే ఉతుక్కుని, ఆరేదాకా తువ్వాలు కప్పుకుని వంటింట్లో కూర్చునేది.

ఆ నెలలోనే ప్రమోషను ఆర్డరు వచ్చింది. ఘనత నాది, ఇత్తడిది అన్నారు. హైమావతి నా ఊతకడ్డీకి కుంకుమ బొట్టు పెట్టింది. తుప్పు మీద కుంకుమ. నాకు అంతకన్నా రోత పుట్టిన రోజు ఒకటే ఉంది, అది ఆ తర్వాత వచ్చింది.

సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. హాలు నిండా ఆడవాళ్లు. ఎదురు ఫ్లాటు తులసమ్మ వచ్చింది. పక్క వీధిలో ఆడపిల్లల హాస్టలు నడిపే కృష్ణవేణమ్మ వచ్చింది. అంతకు ముందు ఓసారి అప్పయ్యమ్మ చేతి పులుసు తిన్నప్పటి నుంచి ఈమెది ఒకే మాట. "అప్పయ్యమ్మ గారూ, మా వంటమనిషి వండింది పిల్లలు కుక్కలకి పెడుతున్నారు. మా హాస్టలుకి వచ్చేయండి." అప్పయ్యమ్మదీ ఒకే జవాబు. "మా తమ్ముడొప్పుకోడమ్మా. ఇంట్లో నానుంటేనే ఆడికి దీపం ఉన్నట్టు."

కథ అయింది. హారతి అయింది. హైమావతి అతిథులను బట్టల గది చూడమంది. "మొత్తం ఇక్కడే అండీ. చేయి చాపితే చాలు, అన్నీ దొరుకుతాయి." తలుపు బలంగా తెరిచింది.

ఒక మర అప్పటికే ఊడి ఉంది. తలుపు అదురుకు రెండోది ఊడింది. ఆ తర్వాత గోడ నన్ను వదిలేసింది. కింద ఉన్న మూడు షెల్ఫులనూ లాక్కుని పడ్డాను. ట్రంకు పెట్టె నేలకు కొట్టుకుని మూత తెరుచుకుంది. ఇత్తడి బిందె దొర్లుకుంటూ హాల్లోకి వెళ్లి వ్రతం పీట దగ్గర ఆగింది. తడి ఇటుక ముద్ద పట్టుచీరల మీద కూర్చుంది. బహుమతులు ఆడవాళ్ల కాళ్ల దగ్గరికి జారాయి.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. అందుకని అందరికీ చూసే తీరిక దొరికింది.

కృష్ణవేణమ్మ వంగి ఒక పొట్లం తీసింది. "ఇది మీ గృహప్రవేశానికి నేనిచ్చిన గడియారం కదూ? నా చేత్తో రాసిన పేరు. కాగితం కూడా విప్పలేదే. టైము చూసుకునే అవసరం రాలేదా హైమావతి గారూ?"

తులసమ్మ ఆకుపచ్చ ముక్క తీసింది. మూల తిప్పి మరక చూసింది. "అమ్మో, ఇది నా ముక్క! కిందటేడు శ్రావణంలో నేను నీకిచ్చింది. అంతకు ముందేడు నువ్వు నాకిచ్చింది. ఇంతకీ ఇది ఎవరిదే?"

ఆడవాళ్లు నవ్వారు. హైమావతి ముఖంలో రంగు మారింది. ఎవరో ఒకరు దొరకాలి. వంటింటి గుమ్మంలో అప్పయ్యమ్మ గరిటెతో నిలబడి ఉంది.

"వదినా, అంత బరువు పెట్టె అంత పైన ఎందుకు పెట్టారు? చెబుతూనే ఉన్నాను కదా మీకు."

నవ్వు ఆగింది. ఆ పెట్టె ఎత్తడం అప్పయ్యమ్మ వల్ల అయ్యే పని కాదు. ఆ పెట్టెకు ఇద్దరు మగాళ్లు కావలసి వచ్చింది. అందులో ఒకడు అక్కడే పట్టుపంచె కట్టుకుని, ప్రసాదం గిన్నె పట్టుకుని ఉన్నాడు. ఆమె అతనివైపు చూసింది.

"ఒరే సోమీ. పెట్టె ఎవులెత్తార్రా?"

సోమినాయుడు గిన్నెలోకి చూశాడు. గిన్నెలో ప్రసాదం తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడవన్నీ ఎందుకప్పా. పదిమందిలో," అన్నాడు.

నేను బల్లి గుడ్లు మోశాను. పురుగులు మోశాను. ఆ మాట విన్నప్పుడు పుట్టినంత అసహ్యం వాటివల్ల పుట్టలేదు.

అప్పయ్యమ్మ బిందె తెచ్చి పెట్టెలో పెట్టింది. మూత వేసింది. అప్పుడు ఆమె వెళ్లి కృష్ణవేణమ్మ ఎదుట నిలబడింది.

"మీ హాస్టల్లో పడుకోడానికి సోటుందా అమ్మా?"

కృష్ణవేణమ్మ పొట్లం కింద పెట్టింది. "మేడ మీద గది ఉందండీ. గాలి బాగా వస్తుంది. రేపే రండి."

"రేపెందుకు? ఆకులేసీసేను. అందరూ తినీసేక వస్తాను."

"అప్పా, ఏటిది, నలుగురూ ఏమనుకుంటారు," అన్నాడు సోమినాయుడు.

"పదిమందీ ఇక్కడే ఉన్నార్రా. అనుకున్నది అనుకుంటన్నారు. కూకోండమ్మా, పులిహార సల్లారిపోతాది."

అందరికీ వడ్డించింది. తమ్ముడికీ వడ్డించింది, రెండోసారి అడిగి మరీ వేసింది. హైమావతికి పెరుగు వేసింది. ఆకులు ఎత్తింది. చేతులు కడుక్కుని వాచ్‌మనును పిలిచింది. పెట్టె ఎత్తించాక గదిలో వంగి పడి ఉన్న నన్ను చూసింది.

"దీన్నేటి సేస్తారే?"

"పాత సామాన్లవాడికి వేస్తాం వదినా," అంది హైమావతి. అప్పటికీ పిలుపులో మర్యాద తగ్గలేదు.

"నాకియ్యి. ఎండబెట్టుకోడానికి పనికొస్తాది."

ఇప్పుడు నేను హాస్టలు మేడ మీద ఉన్నాను. అటు రెండు ఇటుకలు, ఇటు రెండు ఇటుకలు, మధ్యలో నేను. నా మీద ఉప్పు పట్టించిన చేపలు ఎండుతాయి. నీచు నీళ్లు నా మీదుగా కారతాయి. కాకులు రెట్ట వేస్తాయి. పూత ఊడిపోతోంది. సుఖంగా ఉన్నానని చెప్పను, కంపు కంపే. కాని ఇక్కడ పొద్దున పెట్టినవాటిని సాయంత్రం తీస్తారు. తీసినవాటిని తింటారు. పక్కనే గదిలో అప్పయ్యమ్మ దండెం కట్టుకుంది. ఆమె దుప్పటి ఎండలో ఆరుతుంది. హాస్టలు పిల్లలు పెద్దమ్మా అని పిలుస్తూ పైకి వస్తారు, పులుసు ఏం చేస్తున్నావని అడుగుతారు. కూరలో ఉప్పు ఎంత వేయాలో ఆమె ఎవరినీ అడగదు.

మొన్న సోమినాయుడు మెట్లెక్కి వచ్చాడు. ఆయాసపడుతున్నాడు. గోడ నీడలో కూర్చున్నాడు. అప్పయ్యమ్మ మంచినీళ్లు ఇచ్చి, నా మీద చేపలు తిప్పుతోంది.

"ప్రమోషను మీద కర్నూలు వేశారప్పా," అన్నాడు. "రెండు నెలలై తిరుగుతున్నాను, మార్చట్లేదు."

"కర్నూల్లో మనుషులుండరేట్రా?"

"అది కాదు." నీళ్ల గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "సిద్ధాంతి గారు మళ్లీ వచ్చారు. నైరుతి గదిలో ఇంటి పెద్ద పడుకుంటే గాని లాభం లేదన్నారు. వయసులో పెద్దవాళ్లయితే చాలట. గది ఖాళీ చేయించాను. గోడకి ప్లాస్టరింగు కూడా పెట్టించాను. నువ్వు వచ్చీ అప్పా. హైమ కూడా రమ్మంది."

అతను వాళ్లప్పను తీసుకెళ్లడానికి రాలేదు. బరువు తీసుకెళ్లడానికి వచ్చాడు. నాకు ఆ సంగతి వెంటనే తెలిసింది, ఆ మూల బరువు మోసినదాన్ని కాబట్టి. అప్పయ్యమ్మకు ఇంకా ముందే తెలిసి ఉంటుంది.

ఆమె ఒక చేపను తిప్పి, వేలితో నొక్కి, ఎండిందో లేదో చూసింది.

"గదిలో ఏసీ ఎట్టించేవేట్రా?"

"లేదు. కావాలంటే పెట్టిస్తాను."

"నాకొద్దురా. ఏసీ ఎట్టించుకుని నువ్వే పడుకో. యజమానివి నువ్వే కదేటి."

సోమినాయుడు గ్లాసు కింద పెట్టాడు. లేచాడు. అతను పంచాయితీకి రాలేదు, ఆమె పంచాయితీ పెట్టలేదు. ఆమె ఎండిన చేపలు నాలుగు తీసి, కాగితంలో చుట్టి, పురికొస కట్టి అతని చేతిలో పెట్టింది.

"హైమకి ఈ వాసన పడదప్పా," అన్నాడు. "ఎక్కడ పెట్టుకోను?"

"నైరుతి మూలెట్టు," అంది అప్పయ్యమ్మ. "బరువు తక్కువే గాని, ఉన్నట్టు తెలుస్తాది."

అతను పొట్లాన్ని ఒంటికి దూరంగా పట్టుకుని మెట్లు దిగాడు. ఆమె నా మీద మిగిలిన చేపలు ఇంకోవైపుకు తిప్పింది.